వేటగాడి కూర

కోటు ముంజేతికి ఆఖరి కాజా కుడుతోంది కాజాలమ్మ. గుండీ దూరడానికి సుద్దగీత మీద చిన్న కత్తెరతో చీలిక పెట్టి, మైనం పూసిన దారంతో అంచు చుట్టూ ముడి పక్కన ముడి బిగిస్తూ పోవాలి. ముడికీ ముడికీ మధ్య సందు కనబడితే అది కాజా కాదు, చిరుగు. కళ్ళద్దాలు ముక్కు కొసకి జారాయి. నాలుక కొస పెదాల మధ్య నుంచి తొంగి చూస్తోంది. పని బాగా కుదిరినప్పుడల్లా ఆవిడ నాలుక అలాగే బయటికొస్తుంది. షాపులో అందరూ చూసి నవ్వుకుంటారు, ఆవిడకి మాత్రం ఈ సంగతి ఇంతవరకు తెలియదు.

బక్కపలచని మనిషి. ఏళ్ళ తరబడి వంగి కుట్టడం వల్ల కుడిభుజం ఎడమదానికంటే కాస్త పైకి లేచింది. చూపుడువేలి కొసన చర్మం సూదిపోట్లకి చిట్లి చిట్లి గరుకు కాగితంలా తయారైంది. మెషిన్ కాజాలొచ్చాక ఈవిడకి పని పోతుందని అందరూ అనుకున్నారు. కానీ కోటుకి చేతి కాజాలే కావాలని పట్టుబట్టే మొండిఘటాలు ఇంకా కొందరు మిగిలారు. వాళ్ళ పుణ్యమా అని ఆవిడ పొయ్యి వెలుగుతోంది.

"మధ్యాహ్నమే వెళ్ళిపోతానన్నారుగా, ఇంకా ఇక్కడే ఉన్నారేం?" అన్నాడు టైలరు మాస్టరు, మెళ్ళో టేపు సర్దుకుంటూ.

"ఇదొక్కటీ కానివ్వండి."

"అది రేపు కుడితే కొంపలేం మునగవు. ఇంటికి చుట్టాలొస్తున్నారని మీరే చెప్పారు."

"వెళ్తే పని మొదలెట్టాలి. మొదలెడితే అయిపోతుంది కదండీ," అంది కాజాలమ్మ తల ఎత్తకుండానే.

మాస్టరు ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో చూసే నెపంతో అటు తిరిగాడు.

సంగతేమిటంటే, ఆ సాయంత్రం ఆవిడ కోడలు ఇల్లు వదిలి వెళ్ళిపోతోంది. పోట్లాడుకుని కాదు. కొడుకు పోయి ఆరేళ్ళయింది. రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. కోడలు పుట్టింటికి వెళ్ళకుండా అత్త దగ్గరే ఉండిపోయి, కళ్ళద్దాల షాపులో పనికి కుదురుకుంది. ఆ షాపులోనే లెన్సులు అరగదీసే ఒక నెమ్మదైన మనిషి పెళ్ళి చేసుకుంటానని చాలాకాలంగా అడుగుతున్నాడు. "చేసుకో కోడలు పిల్లా, నేనేమన్నా శాశ్వతమా?" అని వెంటపడి ఒప్పించింది కాజాలమ్మే. మనస్ఫూర్తిగానే ఒప్పించింది. నోరు ఒప్పించినంత మాత్రాన గుండె కూడా సరేనంటుందని ఎక్కడుంది?

గుండె మొరాయించింది రిజిస్ట్రారు ఆఫీసులో. సాక్షి సంతకం పెట్టడానికి ఆవిడ బల్ల దగ్గరికి వెళ్తే గుమాస్తా అడిగాడు.

"మీరేమవుతారమ్మా?"

"అత్తగార్ని."

"ఓహో, పెళ్ళికొడుకు తల్లా?"

"కాదు బాబూ. పెళ్ళికూతురి అత్తగార్ని."

"నేననేదీ అదేనమ్మా. పెళ్ళికూతురి అత్తగారంటే పెళ్ళికొడుకు తల్లేగా?"

"కాదయ్యా, ఆ అబ్బాయి తల్లి వేరు. నేను అత్తగార్ని."

గుమాస్తా కలం ఆపి ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. ఈలోగా వెనకనుంచి ఒక బొద్దుపాటి ఆవిడ ముందుకొచ్చి, "అత్తగార్ని నేనండీ," అంది. గదిలో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. కాజాలమ్మ కూడా నవ్వింది. "తెలిసినదాన్నిలే, అలా రాసుకో," అని సంతకం పెట్టి పక్కకి తప్పుకుంది. నవ్వనిది కోడలొక్కతే.

ఈ సాయంత్రందాకా మంచిరోజు కుదరక ఇక్కడే ఉంది గానీ, ఆ పెళ్ళిరోజు నుంచి కోడలు ఆవిణ్ణి అత్తయ్యా అని పిలవలేదు. అలాగని ఇంకోలానూ పిలవలేదు. "ఇదుగో, కాఫీ" అంటుంది. "వస్తాను, తలుపేసుకోండి" అంటుంది. పిలుపు ఉండాల్సిన చోట చిన్న సందు వదిలేసి, దాన్ని దాటుకుని మాట్లాడుతోంది. సందులు కనిపెట్టడం కాజాలమ్మకి ఒకరు నేర్పాలా? బతుకంతా చేసిన పని అదే.

మరి వెళ్ళేటప్పుడు ఏమని పిలుస్తుంది? షాపు దిగి నడుస్తూ దారి పొడుగునా ఆవిడ ఇదే ఆలోచించింది. అమ్మా అంటుందా? వద్దులే, ఆ మాట వాడిది. ఇంకొకరి నోట వింటే తట్టుకోలేను. పిన్నీ అంటే? బాగానే ఉంటుంది గానీ వాళ్ళమ్మకి నేను చెల్లెలి వరస అవుతాను, ఆ మహాతల్లి ఒప్పుకోదు. అసలు అత్తయ్య అంటే వచ్చిన తప్పేమిటి? మేనత్తలు లేరూ? మేనత్త ఉన్న పిల్లకి పెళ్ళయితే మొగుడి తల్లి కూడా అత్తే. ఇద్దరత్తలున్న ఆడపిల్లలు లోకంలో కోకొల్లలు. ఈ ముక్క ఈ సాయంత్రం పొయ్యి దగ్గర మెల్లిగా చెప్పాలి. "నన్ను మేనత్తననుకో" అంటే సరిపోతుంది. ఇంత చిన్న మాటకి ఇద్దరూ ఇలా మూగనోము పట్టడమేమిటి! అనుకోగానే ఆవిడకి ప్రాణం కాస్త తేలికపడింది. కోడిమాంసం కొట్టు దగ్గర ఆగినప్పుడు గొంతులో హుషారు కూడా వచ్చింది.

"తొడలూ కాళ్ళూ ఎక్కువ పడేట్టు కొట్టు నాయనా. ఎముక తియ్యకు, తోలు తియ్యకు."

"అందరూ తోలు తియ్యమని నా ప్రాణం తీస్తారు, మీరొక్కరే వద్దంటారు," అన్నాడు కొట్టువాడు.

"వేటగాడి కూరకి తోలుండాలి."

వేటగాడి కూర కొడుకు తెచ్చిన కూర. వాడు పెద్ద హోటల్లో, ఇటలీ వంటలు వండే చోట పనిచేసేవాడు. ఆ దేశపు పేరు తల్లికి నోరు తిరక్కపోతే, వేటగాడి కూర అని మన మాటలో పెట్టాడు. "వేటగాడి కూరలో ఇంటికోడేమిట్రా?" అని ఆవిడ అడిగితే, "వేటకెళ్ళి ఉత్తచేతుల్తో తిరిగొచ్చాడమ్మా. పెళ్ళాం జాలిపడి పెరట్లో కోడిని కోసింది," అన్నాడు. నిజమో అబద్ధమో వాడికే తెలియాలి. వాడి కథలన్నీ అలాగే ఉండేవి.

"రోజ్‌మేరీ లేకపోతే నాకు కుదరదమ్మా," అని వాడు మొదటిసారి అన్నప్పుడు కాజాలమ్మ గరిటె కింద పెట్టేసి, "ఎవర్రా ఆ పిల్ల? ఎన్నాళ్ళనుంచి సాగుతోంది?" అని నిలదీసింది. వాడు పడీ పడీ నవ్వి, జేబులోంచి ఎండాకుల పొట్లం తీసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాడు. తర్వాత కొన్నాళ్ళకి నిజంగానే ఒక పిల్లని వెంటబెట్టుకొచ్చాడు. "ఈవిడేనా రోజ్‌మేరీ?" అంది కాజాలమ్మ. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. తనకంటే ముందు ఇంకెవరో ఉన్నారనుకుంది పాపం. అలా మొదలైంది వాళ్ళ అత్తాకోడళ్ళ వ్యవహారం.

వాడు ఆ కూరని రెండు సగాలు చేసి ఇద్దరికీ పంచాడు. ముక్కల తడి అద్ది, నూనెలో ఎర్రగా వేయించి, ఉల్లిపాయలూ క్యారెట్లూ మగ్గబెట్టడం వరకు తల్లిది. వైను పోసి, టమాటాలు చిదిమి, ఆకులు వేసి, ఉప్పు చూసి, ఎప్పుడు దించాలో చెప్పడం పెళ్ళానిది. "అమ్మకి ఓపిక, నీకు నాలుక," అనేవాడు. తను మధ్యలో నిలబడి ఇద్దర్నీ ఆటపట్టించడం తప్ప పూచికపుల్ల పని చేసేవాడు కాదు.

వాడు పోయాక చాలారోజులు ఆ ఇంట్లో రెండు గొంతులు మూగబోయాయి. ఒకరి మొహం ఒకరు చూస్తే ఏడుపొస్తుందని ఇద్దరూ చెరో వేళ తినేవాళ్ళు. ఒక సెలవు రోజున కాజాలమ్మ ఎందుకో ఉండబట్టలేక కోడి తెచ్చి వేయించింది. తన సగం అయిపోయింది. తర్వాత ఏం చెయ్యాలో తెలీదు. గరిటె పట్టుకుని అలా నిలబడిపోయింది. అప్పుడు వెనకనుంచి కోడలొచ్చి, మాట్లాడకుండా టమాటాలు చిదమడం మొదలుపెట్టింది. "అత్తయ్యా, మంట తగ్గించండి," అంది. ఆ తర్వాత ప్రతి సెలవు రోజూ ఆ ఇంట్లో వేటగాడి కూరే.

కాజాలమ్మ మెట్లెక్కి పైకొచ్చేసరికి వాకిట్లోనే రెండు సూట్‌కేసులూ ఒక అట్టపెట్టే సిద్ధంగా ఉన్నాయి. లోపల గదిలో కోడలు మంచం మీద దుప్పటి మడతపెడుతోంది. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. వంగినప్పుడు మెడ వెనక ఎముక తెలుస్తుంది. అత్తని చూసి గబగబా వచ్చి, అలవాటు ప్రకారం ఆవిడ మొహం మీంచి కళ్ళద్దాలు తీసి, తన షాపు గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టింది.

"ఇంత మసక పెట్టుకుని రోడ్డు మీద ఎలా నడిచారు?" అంది.

ఆ వాక్యంలోనూ సందే. కాజాలమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ముక్కల్ని గుడ్డ మీద పరిచి ఒక్కొక్కదాన్నీ అద్దింది. తడి ఉంటే నూనె చిటపటలాడుతుంది, తోలు అంటుకుపోతుంది. మందపాటి గిన్నెలో నూనె కాగాక తోలు వైపు కిందికి పెట్టి వదిలేసింది. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, ఊరికే కదుపుతారు. కదపకూడదు. ముక్క తనంతట తాను గిన్నెని వదిలేదాకా ఆగాలి. వదిలినప్పుడు తిప్పితే ఎర్రగా, ఇస్త్రీ చేసినంత నున్నగా ఉంటుంది. ఒక్కొక్క ముక్కా పళ్ళెంలోకి తీసి, అదే నూనెలో ఉల్లిపాయలూ క్యారెట్లూ వెల్లుల్లీ వేసింది. గిన్నె అడుగున పట్టిన మరకంతా ఉల్లిపాయ తడికి కరిగి పైకి లేచింది. ఇల్లంతా వాసన కమ్ముకుంది.

"నీ వంతు," అని కేకేసింది. ఎప్పుడూ అనే మాటే.

కోడలొచ్చింది. సామాను సర్దిన చేతులు కడుక్కుని, పొయ్యి ముందు నిలబడి, గిన్నెలోకి చూసి, పక్కకి జరిగింది.

"ఇవాళ మీరే చెయ్యండి. నేను చెప్తాను," అంది.

"ఎందుకూ?"

"నేర్చుకోవాలిగా."

అంతే. ఇకమీదట మీరొక్కరే వండుకోవాలిగా అని ఆ పిల్ల అన్నదీ లేదు, కాజాలమ్మ వినిపించుకోనిదీ లేదు. ముక్కలు మళ్ళీ గిన్నెలోకి వెళ్ళాయి. వైను స్థానంలో వాళ్ళు వాడే ద్రాక్షరసం, వెనిగరు కలిపిన గ్లాసు కోడలు అందించింది. "చుట్టూ పొయ్యండి, మధ్యలో కాదు. ఘాటు పోయేదాకా మూత పెట్టకండి. ఆఁ, ఇప్పుడు టమాటాలు. చేత్తోనే చిదమండి, కత్తితో కొయ్యకూడదు." కాజాలమ్మ గరుకు వేళ్ళకి టమాటా గింజలు అంటుకున్నాయి. రోజ్‌మేరీ రెండు వేళ్ళతో నలిపి వేసింది. ఆలివులు వేసింది. మంట తగ్గించింది.

"ఉప్పు ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది. చివర్లో నాలుక మీద టమాటా పులుపు ముందొచ్చిందంటే ఉప్పు తక్కువన్నమాట. కోడి ముందొస్తే సరిపోయినట్టు."

"నీకు నా సగం తెలుసా?"

"తెలీదు."

"ముక్క తనంతట తాను వదిలేదాకా కదపకు. అంతకంటే ఏం లేదు."

కోడలు తలూపింది. ఆస్తి పంపకాలు అయిపోయాయి. మూత కింద కూర కుతకుతలాడుతోంది. ఇదే సమయం అనుకుంది కాజాలమ్మ. మేనత్త మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నిన్నొకటి అడగనా, కోడలు పిల్లా..."

కోడలు గిరుక్కున తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. "ఏమీ అడక్కండి. ఇప్పుడేమన్నా అడిగితే నేను వెళ్ళలేను," అంది. కాజాలమ్మ భయపడిపోయింది. ఈ పిల్ల వెళ్ళకపోతే? తన పిచ్చి ముచ్చట కోసం దాని బతుకు మళ్ళీ ఈ రెండు గదుల్లో ఆగిపోతే? "రొట్టె సరిపోతుందా అని అడుగుతున్నానే," అంది. కోడలు ముక్కు తుడుచుకుని, సరిపోతుందంది.

చీకటి పడకముందే పెళ్ళికొడుకూ వాళ్ళమ్మా వచ్చారు. అతను చెప్పులు ఎక్కడ విడవాలో కూడా అడిగి విడిచాడు. గోడ మీద కొడుకు ఫొటో ముందు ఒక క్షణం నిలబడ్డాడు, మొక్కుబడికి కాదు. అందుకే కాజాలమ్మకి అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. బొద్దుపాటి తల్లి మంచి మాటకారి. కుర్చీలో కూర్చోగానే మోకాళ్ళ నొప్పుల గురించీ, మెట్ల గురించీ, ఈ కాలపు లిఫ్టుల గురించీ చెప్పి నవ్వించింది.

బల్ల చిన్నది. ముగ్గురే పడతారు. కాజాలమ్మ వడ్డిస్తానని వంటింట్లోనే ఉండిపోయింది. రొట్టె ముక్కలు ఎర్రటి రసంలో ముంచుకుని తింటున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎంత బాగుందండీ! దీన్నేమంటారు?" అన్నాడు అతను.

"వేటగాడి కూర," అంది కోడలు.

"కోడి ముందొచ్చిందా, టమాటా ముందొచ్చిందా?" అని కాజాలమ్మ వంటింట్లోంచే కేకేసింది. కోడలు నవ్వింది. అతనికి అర్థం కాకపోయినా నవ్వాడు. ఇవాళ్టికి అంతా బాగానే గడిచేట్టుందే అనుకుంటూ ఆవిడ పొయ్యి మీది గిన్నెలో గరిటె పెట్టింది. అప్పుడు వినబడింది.

"అత్తయ్యా, ఇంకో ముక్క వేసుకోండి."

"ఆఁ, వస్తున్నా వస్తున్నా, నేను తర్వాత తింటాలే కోడలు పిల్లా!" అంది కాజాలమ్మ. ఆ పిలుపు చెవినపడిన సంతోషంలో కాళ్ళు వాటంతటవే పరిగెత్తాయి. గరిటె చేత్తోనే గుమ్మంలోకి వచ్చేసింది. మొహం వెలిగిపోతోంది. నాలుక కొస పెదాల మధ్య నుంచి బయటికొచ్చింది.

బల్ల దగ్గర కోడలు వడ్డన గిన్నె ఎత్తి పట్టుకుని ఉంది. గిన్నె బొద్దుపాటి ఆవిడ పళ్ళెం వైపు వంగి ఉంది.

కోడలి మొహంలో నెత్తురు లేదు. గరిటె కొసనుంచి రసం చుక్క నేల మీద పడింది.

"అయ్యో, మిమ్మల్ననుకున్నారా వదినగారూ!" అంది బొద్దుపాటి ఆవిడ. మంచిదే పాపం, ఆ మాటలో వెటకారం ఏ కోశానా లేదు. "ఒకే పిలుపుకి ఇద్దరం పలికితే పిల్లదానికి ఎంత కష్టం! నన్ను ఇంకోలా పిలవమని చెప్తా పోనీ."

"అదేం మాటండీ. మీరే అత్తగారు," అంది కాజాలమ్మ. "నాకు ఈమధ్య చెవులు సరిగ్గా పనిచెయ్యడం లేదు." వంటింట్లోకి తిరిగివచ్చి, గోడవైపు తిరిగి నిలబడింది. ఏడవకూడదని పళ్ళు బిగపట్టింది గానీ ఏడుపు ఆవిడ మాట వినలేదు. పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

భోజనాలయ్యాక మిగిలిన కూరలో మంచి ముక్కలన్నీ ఏరి స్టీలు డబ్బాలో పెట్టింది. పైన ఆలివులు వేసింది. మూత బిగించి, ఒలకకుండా గుడ్డతో కట్టి బల్ల మీద ఉంచింది. అతను సూట్‌కేసులు కిందికి చేరవేశాడు. "వస్తామండీ, ఏ అవసరమొచ్చినా కబురు చెయ్యండి," అన్నాడు. బొద్దుపాటి ఆవిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగడం మొదలుపెట్టింది.

గుమ్మంలో ఇద్దరే మిగిలారు. కోడలు ఆవిడ కళ్ళద్దాలు తీసింది. ఈసారి తుడవడానికి చాలాసేపు పట్టింది. మళ్ళీ పెట్టి, చెవుల వెనక సరిచేసింది. ఏదో అనబోయింది, ఆగింది. ఆ సందు దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. ఈసారి దాటుకుపోవడానికి కుదర్లేదు. బల్ల దగ్గర జరిగింది ఇంకెప్పుడూ జరగకూడదు. ఆవిడ ఇంకెప్పుడూ అలా గరిటెతో పరిగెత్తుకు రాకూడదు. అందుకోసం ఏదో ఒక మాట ఇప్పుడే తేల్చాలి. పాపం, ఆ పిల్ల ఎంత వెతికిందో.

"జాగ్రత్తగా ఉండండి... ఆంటీ," అంది.

కాయగూరల కొట్టువాడు అనే మాట. బస్సులో పక్కకి జరగమనేవాళ్ళు అనే మాట. దాని పెదాలు వణుకుతున్నాయని కాజాలమ్మకి స్పష్టంగా కనబడింది, అద్దాలు అంత శుభ్రంగా ఉన్నాయి.

"సరే," అంది. "వెళ్ళు, వాళ్ళు కింద ఎదురుచూస్తున్నారు."

మెట్ల మీద చెప్పుల చప్పుడు పైనుంచి కిందికి పోయింది. ఆవిడ లోపలికొచ్చి, పళ్ళేలు తియ్యబోయి డబ్బాని చూసింది. అయ్యో రామా, మర్చిపోయారు. డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తింది. వాళ్ళింకా అక్కడే ఉన్నారు. అతను సామాను కారు వెనక సర్దుతున్నాడు. కోడలు రోడ్డు మీద నిలబడి ఉంది, ఇటే వీపు. ఒక్క కేక పెడితే వెనక్కి తిరుగుతుంది. కాజాలమ్మ కిటికీలోంచి వంగి నోరు తెరిచింది.

"ఎక్కమ్మా కోడలా, చలిగాలి," అంది కింద బొద్దుపాటి ఆవిడ, కారు తలుపు తీసి పట్టుకుని.

కాజాలమ్మ నోట్లో ఉన్నది ఆ మాటే. ఇన్నేళ్ళూ దాన్ని పిలిచింది ఆ ఒక్క మాటతోనే. నోటికి ఇంకోటి రాదు. ఇంకోటి వెతికేలోపు కారు తలుపు పడింది, వెనక ఎర్రదీపాలు వెలిగాయి, సందు మలుపు తిరిగాయి. తెరిచిన నోరు ఆవిడ మెల్లగా మూసుకుంది.

డబ్బాని కిటికీ గట్టు మీద పెట్టింది. గుడ్డ ముడి కింద అది ఇంకా వేడిగానే ఉంది.